గన్నేరు: ఒక్క పేరు, ఐదు మొక్కలు

ప్రశ్న (సీతమ్మధార నుంచి ఒక సభ్యురాలు): మా అపార్ట్‌మెంట్ గోడవార బిళ్ళగన్నేరు, గుడి ముందు దేవగన్నేరు, హైవే డివైడర్ మీద ఎర్రగన్నేరు, వెనకవీధిలో పచ్చగన్నేరు. ఇవి చాలవన్నట్టు రోడ్డుకి నీడనిచ్చే నిద్రగన్నేరు. ఒకటి చిన్న మొక్క, ఇంకొకటి మహావృక్షం. పోలికే లేని వీటన్నిటికీ ఒకే పేరు ఎలా వచ్చిందండీ?

జవాబు: పోలిక ఉందమ్మా, పువ్వులో ఉంది. నిద్రగన్నేరుని కాస్త పక్కన పెట్టి, మిగతా నాలుగింటి పూలూ తెచ్చి వరసగా పెట్టి చూడండి. ఎర్రగన్నేరులో ముద్దది వద్దు, ఒంటిరేకది తీసుకోండి. దేనికైనా రేకులు ఐదే. ప్రతి రేకుకీ ఒక అంచు పక్కరేకు మీదకి ఎక్కి ఉంటుంది, రెండో అంచు అటువైపు రేకు కిందకి దూరి ఉంటుంది. విచ్చుకోని మొగ్గని చూస్తే పిండిన గుడ్డలా మెలితిరిగి ఉంటుంది. ఒంటిరేక నందివర్ధనంలోనూ ఇదే అమరిక. వృక్షశాస్త్రం వీటన్నిటినీ అపోసైనేసీ అనే ఒకే కుటుంబంలో చేర్చింది. మనవాళ్ళు ఏ శాస్త్రమూ చదవకుండానే, కొత్త మొక్క పెరట్లోకి వచ్చినప్పుడు దాని పువ్వునీ ఆకునీ చూసి "ఇదీ గన్నేరే" అన్నారు. ఆ చూపంటే నాకు చాలా గౌరవం.

అసలు గన్నేరు ఎర్రది, తెల్లది. మధ్యధరా తీరం నుంచి మన దేశం మీదుగా చైనా దాకా ఉన్న పాత మొక్క. సంస్కృతంలో కరవీరం, ప్రాకృతంలో కణవీర, పాళీలో కణవేర. మన మాట ఆ కణవీర దారిలోనే వచ్చింది. మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకం పదో అంకంలో నాయకుడు చారుదత్తుణ్ణి వధ్యస్థానానికి నడిపిస్తూ మెడలో వేసినది కరవీరమాలే. బౌద్ధుల జాతక కథల్లోని కణవేర జాతకంలోనూ మరణశిక్ష పడ్డ దొంగ మెడలో ఆ ఎర్రపూల దండే ఉంటుంది. పూజకి వాడే పువ్వే చావుశిక్షకీ గుర్తయింది.

మిగతా మూడూ సముద్రం దాటి వచ్చాయి. పచ్చగన్నేరు, దేవగన్నేరు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలవి. బిళ్ళగన్నేరుది మడగాస్కర్.

వ్యాఖ్య (పెందుర్తి నుంచి): దేవగన్నేరు పరాయిదంటే మనసొప్పడం లేదు మాస్టారూ. మా ఊరి శివాలయంలో తాతల నాటి చెట్టుంది. పేరులోనే దేవుడున్నాడు కదా!

జవాబు: మీ చెట్టు తాతల నాటిదే అయ్యుంటుంది, కాదనను. అమెరికా మొక్కలు పోర్చుగీసు ఓడల రాకపోకలు మొదలయ్యాక, అంటే 16వ శతాబ్దం నుంచి మన దేశంలోకి వస్తూనే ఉన్నాయి. అన్ని తరాలు గుళ్ళో పూసిన చెట్టుకి దేవుడి పేరు రాకుండా ఎలా ఉంటుంది? సీతాఫలం కూడా అమెరికాదే, సంక్రాంతి గొబ్బెమ్మల మీది బంతీ మెక్సికోదే. పేరు మనది, పూజ మనది. పుట్టుక మాత్రం వేరే చోట.

వ్యాఖ్య (గాజువాక నుంచి): మరి "గన్నేరుపప్పు" అంటారు చూడండి, అది ఏ గన్నేరుది?

జవాబు: చాలా మంచి ప్రశ్న. పాత కథల్లో గన్నేరుపప్పు అంటే విషమనే అర్థం. అయితే ఎర్రగన్నేరు కాయ సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఎండి పగిలితే నూగున్న చిన్న చిన్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. అందులో పప్పు అనదగ్గది ఏమీ లేదు. పచ్చగన్నేరు కాయ అలా కాదు. ఆకుపచ్చగా, కోణాలు తేలి, లోపల గట్టి టెంక ఉంటుంది. పప్పు ఆ టెంకలోది. అంటే ఈ మాట మనం పచ్చగన్నేరుని చూశాకే పుట్టి ఉండాలి, 16వ శతాబ్దానికి ముందు పుట్టే వీలు లేదు. ఒక నుడికారం వయసు ఒక కాయ చెబుతోంది!

ఎర్రదైనా పచ్చదైనా ఆ విషం గుండె మీద పనిచేస్తుంది. 2024 మేలో కేరళలో గుళ్ళ నిర్వహణ చూసే తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యాల్లోనూ ప్రసాదాల్లోనూ గన్నేరుపూలు వాడొద్దంది. వాళ్ళు దీన్ని అరళి అంటారు. పిల్లలున్న ఇళ్ళలో పచ్చగన్నేరు కాయలతో ఆడనివ్వకండి.

వ్యాఖ్య (భీమిలి నుంచి): బిళ్ళగన్నేరు ఆకు షుగర్‌కి మంచిదని మా వీధిలో నములుతున్నారు.

జవాబు: దయచేసి వద్దని చెప్పండి. ఇసుకలోనూ గోడ పగుళ్ళలోనూ తనంతట తాను మొలిచే కలుపులా కనిపిస్తుంది గానీ అది మామూలు ఆకు కాదు. 1950ల్లో కెనడా పరిశోధకులు షుగర్ మందు కోసం దీన్ని పరీక్షిస్తుంటే ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. దాంట్లోంచే విన్‌బ్లాస్టిన్, ఆ తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చాయి. పిల్లల రక్తకాన్సర్‌కి విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ ముఖ్యమైన మందు. డాక్టరు కొలిచి ఎక్కించే మందుని మనం లెక్కలేకుండా నమలకూడదు.

ఇక నిద్రగన్నేరు. అదీ అమెరికాదే గానీ కుటుంబం వేరు, చింత, తుమ్మల వైపుది. పువ్వు గులాబీ దారాల కుచ్చు, మెలితిరిగిన ఐదు రేకులు ఉండవు. సాయంత్రమైతే ఆకులు ముడుచుకుంటుంది కనుక నిద్ర అన్న మాట సరిపోయింది. గన్నేరు అన్న మాట మాత్రం దీనికి నప్పదు. శ్రీకాకుళం, పాడేరు వైపు ఈ చెట్టుని వేరే పేరుతో పిలిచే సభ్యులుంటే ఇక్కడ రాయండి.