అమ్మమ్మ పందిరి మంచం, తాతయ్య భోషాణం: ఎవరికి, ఎలా?

గోదారిగట్టు:
రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి ఇల్లు అమ్మేస్తున్నాం. అమ్మమ్మ, తాతయ్య ఇద్దరూ లేరు. ఆవిడకి పెళ్ళిసారెగా వచ్చిన టేకు పందిరి మంచం, తాతయ్య భోషాణం మిగిలాయి. అమ్మ, ఇద్దరు పిన్నులు "నువ్వు తీసుకోవే" అంటే "నువ్వు తీసుకో" అంటున్నారు గానీ బయటివాళ్ళకి అమ్మడానికి ఎవరికీ మనసొప్పడం లేదు. మంచం కోళ్ళకి పుచ్చు పట్టింది. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి తేవచ్చా?

ఉలి_బాడిస:
మాది వడ్రంగం ఇల్లు. పందిరి మంచం ఊడదీసేలాగే చేస్తారండీ, కుసులు, అంటే పట్టెల చివర నాలుకల్లాంటివి, బెజ్జాల్లో కూర్చి ఉంటాయి. విప్పేముందు కుసుల దగ్గర ఉలిగాట్లు ఉన్నాయేమో వెతకండి. మా నాన్నగారు ఏ పట్టె ఏ కోడుకో తెలియడానికి అలా గుర్తు పెట్టేవారు. లేకపోతే మీరే సుద్దతో రాసుకోండి. సుత్తితో నేరుగా కొట్టొద్దు, చెక్కముక్క అడ్డం పెట్టి తట్టండి. పందిరి ఎత్తు కొలిచి, ఫ్యాన్ కిందకి సరిపోతుందో ముందే చూసుకోండి.

పుచ్చు సంగతి: కోళ్ళ కింద నల్ల కాగితం పరిచి వదిలేయండి. కొత్తగా పొడి రాలితే పురుగు బతికే ఉన్నట్టు. అప్పుడు పుచ్చు మందు సిరంజితో ఒక్కో రంధ్రంలోకి ఎక్కించాలి. టేకు చేవకి పురుగు అంత తేలిగ్గా పట్టదు, చేవలేని తెల్ల పొరే తింటుంది. కోడు మొత్తం మార్చాలని ఎవరైనా అంటే ఇంకొకరికి చూపించండి.

పాలిష్ తొందరపడి గీకించొద్దు. కనపడని మూల స్పిరిట్ దూదితో రుద్దండి. జిగురుగా కరిగితే అది పాతకాలం లక్క పాలిష్, దాని మీదే మళ్ళీ లక్క వేయొచ్చు. ఉప్పుకాగితం పెట్టి తెల్లచెక్క తేలేదాకా రుద్దితే ఆ ముదురురంగు మళ్ళీ రాదు.

జగిత్యాల_పిల్ల:
మా నాయనమ్మ బతికుండంగనే ఏ వస్తువు ఎవరికో ఆమెనే చెప్పింది, ఎవ్వరం మాట్లాడలే. మీకు ఆ వీలు లేదు కాబట్టి ఎవరింట్ల రోజూ పడుకుంటరో వాళ్ళకే మంచం ఇయ్యండి. ఏడాదికొకరి ఇంట్ల పెడుదామని మాత్రం అనుకోకండి. మా చిన్నబాపు బీరువా అట్లనే తిరిగి తిరిగి కీళ్ళు వదులైంది.

విశాఖ_తీరం:
మేం పందిరి విప్పి, చెక్కడం ఉన్న పలకలు అద్దాల చట్రాలు చేయించి ముగ్గురక్కచెల్లెళ్ళం పంచుకున్నాం. ప్రతి ఇంట్లో అమ్మ మంచం కొంత ఉంది. మాకదే బాగుంది.

ఉలి_బాడిస:
మీ ప్రేమ అర్థమైందమ్మా. కానీ కోత పడ్డాక అది మళ్ళీ మంచం కాదు. మంచం పూర్తిగా ఒకరికి, మిగతా సామాను మిగతావాళ్ళకి వెళ్ళడమే మేలని నా గట్టి అభిప్రాయం.

వకీల్‌సాబ్_నల్గొండ:
సారెగా వచ్చింది అమ్మమ్మగారి సొంతం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకపోతే, ఇప్పుడు ముగ్గురు కూతుళ్ళకీ సమానం. ఇద్దరు ఒప్పుకుని మూడో ఆవిడకి ఇచ్చేయొచ్చు. చరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, వస్తువు చేతికి అప్పగిస్తే చాలు. అయినా కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి, రేపు పిల్లల మధ్య మాట రాకుండా ఉంటుంది.

గోదారిగట్టు:
అందరికీ నమస్కారాలు. అమ్మ మంచం తీసుకుంటానంది. భోషాణం ఇరుగుడుది, న్యూజెర్సీలో ఉన్న చిన్న పిన్ని అడుగుతోంది. పంపొచ్చా?

ఓడసరుకు:
ఆగండి. ఇరుగుడు అంటే రోజ్‌వుడ్. 2017 నుంచి ఆ ప్రజాతి మొత్తం సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) జాబితాలో ఉంది. వస్తువులో ఆ చెక్క 10 కిలోలు దాటితే అనుమతి పత్రం కావాలి, భోషాణం తప్పకుండా దాటుతుంది. పైగా వందేళ్ళు నిండిన పనితనం ఉన్న వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. వస్తే ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వయసు మీద అనుమానం ఉంటే పురావస్తు శాఖకి చూపించి, పురావస్తువు కాదన్న పత్రం తీసుకోండి. ప్యాకింగ్ పెట్టె చెక్కకి కూడా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేసినట్టో, పురుగుమందు పొగ పట్టినట్టో ముద్ర ఉండాలి. ఇవన్నీ చేతికొచ్చాకే రవాణావాళ్ళకి అడ్వాన్స్ ఇవ్వండి. అంతవరకూ పెద్ద పిన్నిగారింట్లో ఉంచమని అడగండి, నేల తడి తగలకుండా కింద రాళ్ళు పెట్టించండి.