మిషన్లు ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ రేటు ఆర్డరు పట్టొచ్చా?

ప్రశ్న (రాయదుర్గం, జీన్స్ యూనిట్)
అన్నలూ, మాది రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టే యూనిట్. నేనూ మా తమ్ముడూ చెరిసగం భాగస్తులం. బళ్లారి పార్టీలు కటింగ్ చేసి పంపితే కుట్టిస్తాం, ప్యాంటుకు 70 రూపాయలు. నెలకు 4,000 పోయేవి, ఈ నెల 2,000కి పడిపోయినాయి. బెంగళూరు పార్టీ ఒకటి ఇంకో 2,000 ఇస్తానంటోంది, కానీ 55కే, డబ్బులు రెండు నెలలకు. మాకు ప్యాంటుకు 64 పడుతుంది. టైలరు కూలి 34, దారం 5, కరెంటు 3, బాడుగ ఆటో 2. మిగతా 20 షెడ్డు అద్దె, మిషన్ల కంతులు, జీతగాళ్లది. తొమ్మిది రూపాయలు ఎదురు పెట్టుకుని కుట్టేదేంది అంటాడు తమ్ముడు. పని లేకుంటే టైలర్లు బళ్లారికి పోతారు, మళ్లీ పిలిస్తే రారు. ఏం చేయమంటారు?

జవాబు (తాడిపత్రి, బండల పాలిష్)
తమ్ముడూ, ఆ 20 రూపాయలు 4,000 ప్యాంట్ల మీద పంచిన లెక్క. ఈ నెల 2,000 కదా, అట్ల పంచితే 40 అయి, ఖర్చు 84కు పోతుంది. అప్పుడు 70 ఇచ్చే బళ్లారి వాళ్లనూ వద్దనాల! అద్దె, కంతులు, జీతాలు కలిపి నెలకు 80,000. కుట్టినా కుట్టకున్నా కట్టాల్సిందే. ఈ ఆర్డరు వల్ల కొత్తగా పడే ఖర్చు 44 మాత్రమే. 55లో 11 మిగిలితే 2,000కి 22,000. ఇప్పుడున్న ఆర్డర్లతో నెలకు 28,000 నష్టం, ఇది పడితే 6,000కి దిగుతుంది. మిషన్లు నిండుగా ఉన్న నెలలో మాత్రం 55ను తాకొద్దు. 70 ప్యాంటును తోసేసి 55 ప్యాంటు కుట్టినట్లవుతుంది.

జవాబు (ఆదోని, జిన్నింగ్ మిల్లు)
లెక్క సరే, కానీ ఈ రేటు బయటికి పొక్కకుండా ఆపగలరా? ఆ బెంగళూరు పార్టీ ప్యాంట్లు వాషింగుకు బళ్లారికే పోతే, 55 సంగతి మీ పాత పార్టీలకు వారంలో తెలుస్తుంది. వాళ్లూ 55 అంటే, 4,000 ప్యాంట్లు కుట్టే నెలలో 60,000 పోతాయి. వచ్చే 22,000 ఒక్కసారిది, పోయే 60,000 నెలనెలా. "ఈ ఒక్క లాటుకే ఈ రేటు" అని బిల్లులో రాయించండి. నేనైతే 60కి తక్కువ ఒప్పుకోను.

జవాబు (కడప, అకౌంట్లు చూస్తాను)
నాకు భయమంతా ఆ రెండు నెలల మీదే. ప్యాంటుకు 44 చొప్పున 88,000 మీ చేతినుంచి ముందే పోతుంది. టైలర్లు శనివారం శనివారం కూలి అడుగుతారు, పార్టీ డబ్బు వచ్చేదాకా ఆగరు. చేతిలో అంత లేకుంటే 22,000 లాభం కాగితం మీదే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్లకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం (చిన్న పరిశ్రమల చట్టం) ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా పార్టీ డబ్బు కట్టే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఆర్డరు తీసుకునే ముందే ఈ మాట చెప్పండి.

ఇంకోటి. 1932 భాగస్వామ్య చట్టంలో రోజువారీ విషయాల్లో తేడా వస్తే ఎక్కువమంది మాట చెల్లుతుంది. ఇద్దరే ఉంటే ఎక్కువమంది ఎక్కడ? రేట్లు ఎవరు తేల్చాలో మీ డీడులో (భాగస్వామ్య ఒప్పంద పత్రంలో) రాసుకోండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి
తమ్ముడికి ఈ లెక్క చూపించినా. 84 చూసి ఒప్పుకున్నాడు. 58కి, దారం ఖర్చు పార్టీదే, సగం అడ్వాన్సు, మిగతాది 30 రోజుల్లో అని రాసి పంపినాం. ఒప్పుకుంటే సోమవారం కటింగ్ దిగుతుంది. డీడు మార్చాలంటే కొత్త స్టాంపు పేపరు మీదే రాయాలా, పాతదానికి జత చేస్తే చాలా?