ఫౌండేషన్ కోసం బొమ్మలు మాన్పించాలా?

మియాపూర్ అమ్మ:
మా వాడు ఆరో తరగతి. స్కూల్లోనే ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్ పెట్టారు. చేరితే సాయంత్రం ఆరు దాకా క్లాసులే, డ్రాయింగూ తబలా రెండూ మానెయ్యాల్సిందే. బొమ్మలేసుకునే పిల్లలు పై క్లాసుల్లో వెనకబడతారని స్కూలువాళ్ళ మాట. సృజన ఉంటేనే చదువు వస్తుందని, కుడి మెదడు ఎదగాలని మా మరిది మాట. ఎవరిది నమ్మాలండీ? టెన్షన్‌గా ఉంది.

కూకట్‌పల్లి లెక్కల సార్:
నా మాట నచ్చకపోవచ్చు. ఎప్‌సెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకి నిమిషం చిల్లర. అంత టైములో కొత్త దారి వెతికే పిల్లాడు మునుగుతాడు, లెక్క చూడగానే పద్ధతి గుర్తొచ్చేవాడు ఒడ్డెక్కుతాడు. సృజన వద్దనడం లేదమ్మా. ముందు సీటు, తర్వాత సితార్.

తార్నాక న్యూరో:
ముందు కుడి మెదడు సంగతి తేల్చేద్దాం. మూర్ఛ తగ్గించడానికి మెదడు రెండు సగాల మధ్య వంతెన కోసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ పరిశోధనలు చేశాడు, 1981లో నోబెల్ వచ్చింది. అందులోంచి జనం పుట్టించుకున్న కథే 'కుడి మెదడు కళలకి, ఎడమ మెదడు లెక్కలకి' అనేది. 2013లో యూటా యూనివర్సిటీవాళ్ళు 7 నుంచి 29 ఏళ్ళ వయసున్న వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లు చూశారు. ఏదో ఒక పక్కే బలంగా పనిచేసే మనుషులు దొరకలేదు. మన ఊళ్ళో పిల్లల కళ్ళకి గంతలు కట్టి చదివించిన 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' క్లాసులు గుర్తున్నాయా? ముక్కు పక్క సందులోంచి చూడటమే ఆ విద్య రహస్యం. ఫీజు మాత్రం వేలల్లో.

2018లో వచ్చిన ఒక అధ్యయనం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మామూలు వస్తువు పేరు చెప్పి, దాన్ని ఇంకెలా వాడొచ్చో ఊహించమని 163 మందిని అడిగి స్కాన్ చేశారు. మనసు ఊరికే తిరుగుతున్నప్పుడు పనిచేసే డిఫాల్ట్ నెట్‌వర్క్, పని మీద అదుపు ఉంచే ఎగ్జిక్యూటివ్ నెట్‌వర్క్ ఈ రెండిట్లో సాధారణంగా ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. కొత్త ఆలోచనలు బాగా వచ్చినవాళ్ళలో ఆ రెండింటి మధ్యా సంబంధం గట్టిగా ఉంది. ఊహించేదీ, 'ఇది పనికిరాదు' అని కొట్టేసేదీ కలిసి నడుస్తాయన్నమాట. కాకపోతే అది పెద్దవాళ్ళ మీద చేసిన పని, ఆరో తరగతి పిల్లాడికి యథాతథంగా అంటించలేం.

కూకట్‌పల్లి లెక్కల సార్:
స్కాన్లు సరే. మార్కులకీ సృజనకీ లంకె ఎంత? అంకె చెప్పండి.

తార్నాక న్యూరో:
0.22. 2017లో 120 అధ్యయనాలు, 52 వేల మందికి పైగా విద్యార్థుల లెక్కలు కలిపితే వచ్చిన సహసంబంధం (సున్నా అంటే లంకే లేదు, ఒకటి అంటే పూర్తి లంకె). మార్కుల్లో తేడాలకి అది వివరించేది ఐదు శాతం లోపే. ఏది దేనికి కారణమో కూడా చెప్పదు. కాబట్టి అమ్మగారి మరిదికి సగం మార్కులే. మీక్కూడా ఒక చిక్కు ఉంది సార్: ఆ లంకె స్కూలు గ్రేడ్లతో కంటే, అందరికీ ఒకేలా పెట్టే ప్రామాణిక పరీక్షలతోనే ఎక్కువ కనిపించింది.

పద్యాల పిచ్చి, చిక్కడపల్లి:
జ్ఞాపకం ఒక గట్టున, సృజన ఇంకో గట్టున అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. అష్టావధానం చూడలేదా? సమస్యాపూరణంలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, అర్థంపర్థం లేని పాదం పడేస్తాడు, అవధాని దానికి అర్థం పుట్టించాలి. నిషిద్ధాక్షరిలో తర్వాతి అక్షరం ఏమొస్తుందో పసిగట్టి, అది వాడొద్దని అడ్డం పడతారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి 'మీ ఆవిడ వంటెలా చేస్తుందండీ' అని ఏడిపిస్తాడు. అన్నీ అయ్యాక ధారణ, పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. వేల పద్యాలు కంఠతా ఉన్నవాడికే ఆశువుగా కొత్త పద్యం వస్తుంది. బట్టీ తప్పు కాదు, బట్టీతో ఆపేయడం తప్పు. త్యాగరాయ గానసభలో అవధానం ఉన్నప్పుడు బాబుని తీసుకురండి, ఉచితం కూడా.

మల్కాజిగిరి టీచరమ్మ:
బావుంది కానీ మా క్లాసులో అప్రస్తుత ప్రసంగులే ఎక్కువ! 1962లో గెట్జెల్స్, జాక్సన్ అని ఇద్దరు ఒక అమెరికా స్కూల్లో చూశారు. ఐక్యూలో పై వరుస పిల్లలు, సృజనలో పై వరుస పిల్లలు. రెండో గుంపు ఐక్యూ బాగా తక్కువైనా చదువులో ఇద్దరూ సమానంగా ఉన్నారు. టీచర్లకి మాత్రం మొదటి గుంపే నచ్చింది. వింతేముంది? నోట్సు చెబుతుంటే 'ఇలా ఎందుకు చెయ్యకూడదు టీచర్' అనేవాడితో సిలబస్ ఎప్పటికవుతుంది?

టెన్త్‌లో 20 ఇంటర్నల్ మార్కులు పెట్టింది ఇలాంటి పిల్లల కోసమే. ప్రాజెక్టు పని, ప్రతిస్పందనలు, రాతపని, స్లిప్ టెస్టు. ఇప్పుడు ప్రాజెక్టు జిరాక్స్ షాపులో రెడీమేడ్‌గా దొరుకుతోంది, 20కి 20 పడుతున్నాయి. అసలు గొడవ అక్కడుంది, పిల్లాడి మెదడులో కాదు.

కూకట్‌పల్లి లెక్కల సార్:
మరి సింగపూర్? పదిహేనేళ్ళ పిల్లలకి దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్షలో, 2022లో, లెక్కల్లో ఫస్ట్, సృజనాత్మక ఆలోచనలోనూ ఫస్ట్. ట్యూషన్ల దేశం అది!

తార్నాక న్యూరో:
హాంకాంగ్, మకావు, తైవాన్‌ని వదిలేశారేం? లెక్కల్లో వాళ్ళూ ముందువరసే, సృజనలో సగటు దగ్గరే ఆగారు. ఒక్క దేశం పట్టుకుంటే ఎటైనా వాదించొచ్చు.

మియాపూర్ అమ్మ:
ఇవన్నీ మావారికి చదివి వినిపించాను. ఈ ఏడాదికి మామూలు సెక్షనే. తబలా ఉంటుంది, డ్రాయింగ్ ఆదివారం నాంపల్లి బాలభవన్‌లో కుదురుతుందేమో కనుక్కుంటాం. ఫౌండేషన్ ఎనిమిదిలో చూద్దామనుకుంటున్నాం.

కూకట్‌పల్లి లెక్కల సార్:
మంచిదేనమ్మా. కానీ ఎనిమిదిలో సీటుకి ఎంట్రన్స్ టెస్టు పెడతారా, పెడితే ఏ సిలబస్‌లోంచి అడుగుతారో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. నోటిమాట నమ్మకండి.

మల్కాజిగిరి టీచరమ్మ:
ఈ ఒక్క విషయంలో సార్‌తో ఏకీభవిస్తున్నాను.