దశమభాగం ధర్మశాస్త్రమా, కృపా?

అందరికీ వందనాలు. మాది కందుకూరు పక్కన పల్లె. పొగాకు బేళ్లు వేలంలో అమ్ముడుపోయి డబ్బు పడగానే మా నాయన దశమభాగం, అంటే వచ్చినదాంట్లో పదోవంతు, సంఘానికని తీసి కవర్లో పెడతాడు. బ్యారన్ పుల్లలు, కూలీలు, కౌలు పోను మిగిలినదాంట్లో ఇస్తే చాలదా అంటే పదోవంతు మందిరానికి తెమ్మనే బైబిలు వాక్యం మలాకీ 3:10 చూపిస్తాడు. రోమా 6:14 ప్రకారం మనం ధర్మశాస్త్రం, అంటే మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞల కింద కాదు, కృప కింద ఉన్నాం కదా అని నేను. ధర్మశాస్త్రం రాకముందే అబ్రాహాము మెల్కీసెదెకు అనే యాజకుడికి పదోవంతు ఇచ్చాడని ఆయన. నిజమే, కానీ అది యుద్ధంలో దొరికిన సొమ్ము, ఏటేటా ఇచ్చినట్టు ఆదికాండంలో ఎక్కడా లేదు. మరి ధర్మశాస్త్రంలోనే ఉన్న విశ్రాంతి దినం, పంది మాంసం సంగతి వదిలేసి ఇదొక్కటే ఎందుకు పట్టుకున్నాం? 2 కొరింథీ 9:7 సణుక్కోకుండా ఇవ్వమంటుందే గానీ లెక్క చెప్పదు. మీ సంఘాల్లో ఎలా బోధిస్తున్నారు? వాక్యం చూపించి చెప్పండి, ఉత్త మాటలైతే మా నాయన వినడు.