సమస్యాపూరణం: "కడుపు కోయ నవ్వెఁ గాయ యొకటి"

నిర్వాహకుడు (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా):
మిత్రులారా, మొన్న శనివారం పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అత్తయ్యతో కలిసి హాఫ్ మూన్ బే గుమ్మడి తోటకు వెళ్ళాం. శాన్ మాటియో వంతెన దాటి 92వ నంబరు రోడ్డు పట్టుకుంటే మామూలుగా గంట లోపే చేరిపోతాం గానీ అక్టోబరు వారాంతం కదా, ఆ కొండదారిలో కార్లన్నీ నత్తనడకే. అక్కడ ఏటా గుమ్మడికాయలు తూచే పోటీ జరుగుతుంది, 2023లో 2,749 పౌండ్ల కాయ తూగింది, అంటే దాదాపు 1,247 కిలోలు! మేం కొన్నది మాత్రం మా చిన్నది రెండు చేతులా కావలించుకుని మోయగలిగినంత. ఇంటికొచ్చాక మా వాడు హాలోవీన్ పండగకని దాని పొట్ట కోసి, గింజలు గరిటెతో గీకి, కళ్ళూ మూతీ చెక్కుతుంటే అత్తయ్య అంది, "అయ్యో, కడుపు కోస్తుంటే నవ్వుతోందే ఇది!" అని. సమస్య అక్కడే పుట్టింది. కడుపుకోత అంటే మనకు ఏడుపే కదా, మరి నవ్వు ఎలా వచ్చిందో మీరు చెప్పాలి.

ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలు మీరు రాయాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో హల్లులోనూ అచ్చులోనూ జత కలవాలి. ప్రాస నియమం లేదు.

గోదారి గాలి:
గింజలన్ని తీసి కెంపు దీపముఁ బెట్టి
కన్ను మూతి పళ్ళు కత్తిఁ జెక్క
గుమ్మమందు నిలిచి గూటి దీపము వోలెఁ
గడుపు కోయ నవ్వెఁ గాయ యొకటి

ఛందం మాస్టారు:
గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. కానీ ఒక్కసారి ఆ పని చేస్తున్నట్టు ఊహించుకోండి. దీపం ముందు పెట్టి కళ్ళు తర్వాత చెక్కుతామా? చెయ్యి కాలుతుంది. పైగా దీపం రెండుసార్లు వచ్చింది. వరస మార్చి చూడండి:

గింజలన్ని తీసి కెంపైన పండుకుఁ
గన్ను మూతి పళ్ళు కత్తిఁ జెక్క
గుమ్మమందు లోన గూటి దీపము వెల్గఁ
గడుపు కోయ నవ్వెఁ గాయ యొకటి

దీపం మూడో పాదానికి జరిగింది కాబట్టి నవ్వుకు వెలుగు కూడా తోడైంది. ఈ చెక్కే అలవాటు ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు తెచ్చిందే, అక్కడ టర్నిప్ దుంపలు తొలిచేవాళ్ళు, అమెరికాలో వాళ్ళకు అంతకంటే పెద్దదీ మెత్తనిదీ గుమ్మడి దొరికింది.

గోదారి గాలి:
నిజమే మాస్టారూ, నేనసలు చెక్కలేదు, ఫొటోలు చూసి రాశాను. మీ సవరణ తీసుకుంటున్నాను.

గుంటూరు పెద్దమ్మ:
నాకు గుమ్మడి తట్టలేదు బాబూ, మా అమ్మాయి కాన్పు గుర్తొచ్చింది. ఆపరేషన్ చేసి తీసిన మనవరాలు, కళ్ళు మూసుకునే నవ్వింది, దేవుడు నవ్విస్తాడంటాం చూడండి, అలా.

కాన్పు కష్టమైనఁ గత్తి పట్టిరి నాడు
తల్లి కంట నీరు తళుకు లీన
బోసి నోటి తోడ పువ్వులా నిదురలోఁ
గడుపు కోయ నవ్వెఁ గాయ యొకటి

ఛందం మాస్టారు:
పెద్దమ్మగారూ, సమస్యలోని 'కడుపు'ను కడుపుగానే ఉంచి పూరించారు, ఇది నాకు చాలా నచ్చింది. "బోసి", "పువ్వు" యతి కూడా చక్కగా కుదిరింది. లోటు ఒక్కటే: బిడ్డను 'కాయ' అనడానికి ముందు పాదాల్లో ఆధారం లేదు, 'పువ్వు' ఉంది గానీ అది నవ్వుకు పోలికగా వచ్చింది. రెండో పాదం ఇలా మారిస్తే?

తల్లి యనెడు తీగ తల్లడిల్ల

తీగ వచ్చింది కాబట్టి కాయ దానికే కాసినట్టు నిలబడుతుంది.

గుంటూరు పెద్దమ్మ:
తల్లడిల్ల! సరిగ్గా ఆ రాత్రి అంతే. కన్నీళ్ళ పాదం తీసేస్తున్నా. ఇంకో మాట, ఆ చెక్కే రకం కాయ పులుసుకు వాడకండి, నీళ్ళోడుతుంది, తీపి ఉండదు. చిన్నవి, గుండ్రటివి వేరే అమ్ముతారు, గోరు గుచ్చితే దిగకూడదు, అవి తెచ్చుకోండి.

కొత్త కలం:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు బడిలో నేర్చుకున్నాను. ఇదే నా మొదటి పద్యం. చిన్నప్పుడు ప్రతి ఏడూ తోటలో గడ్డిమోపులు వేసిన ట్రాక్టరు బండి ఎక్కేవాళ్ళం, నేనేమో అన్నిటికన్నా పెద్ద కాయే కావాలని పట్టుబట్టేదాన్ని.

ట్రాక్టరెక్కి వెళ్ళి తోటలో కాయను
నాన్న మోసి తెచ్చె నడుము వంగ
తెల్ల గింజలన్ని తీరైన పళ్ళుగాఁ
గడుపు కోయ నవ్వెఁ గాయ యొకటి

ఛందం మాస్టారు:
అమ్మా, మూడో పాదం దగ్గర ఆగిపోయాను. అందరం కత్తితో పళ్ళు చెక్కాం, నువ్వు కాయలో ఉన్న పళ్ళనే చూశావు. కాయను సగానికి కోసినప్పుడు ఆ నారల మధ్య గింజలు వరసగా కనబడతాయే, అది చూసినవాళ్ళకే ఈ పాదం వస్తుంది. "నడుము వంగ" కూడా అంతే, రెండు మాటల్లో కాయ బరువంతా తెలిసింది.

మొదటి పాదంలో యతి తప్పింది. 'ట్రా'కు 'తో' చెల్లదు, హల్లూ కలవలేదు, అచ్చూ కలవలేదు. అయితే 'ట్రా' సంయుక్తాక్షరం, అందులో రకారం కూడా ఉంది, దానితో యతి వేసుకోవచ్చు. 'ర'తో మొదలయ్యే మాట వెతుకు. నేను చెప్పను, నీకే దొరుకుతుంది.

నిర్వాహకుడు:
నాకూ ఇదే ముందు వరసలో ఉంది. ట్రాక్టరు మాట మాత్రం తీసెయ్యకు చెల్లీ.

కొత్త కలం:
మాస్టారూ, రాత్రంతా అదే ఆలోచన. ఇది సరిపోతుందా?

ట్రాక్టరెక్కి వెళ్ళి రంగైన కాయను

ఛందం మాస్టారు:
సరిపోయింది. ట్రా, రం. గణాలూ కుదిరాయి. ఇప్పుడు నాలుగు పాదాలూ కలిపి గొంతెత్తి చదువు.

కొత్త కలం:
నాన్నకు ఫోన్‌లో చదివి వినిపించాను. రెండో పాదం మళ్ళీ చదవమన్నారు.