పియాసొల్లా నడకను ‘మిశ్రగతి’ అనవచ్చునా?

ప్రశ్న: జంట నృత్యపు సంగీతమైన టాంగోకు పేరుపడ్డ అర్జెంటీనా స్వరకర్త ఆస్టర్ పియాసొల్లా (1921–1992) గురించి పరిచయ వ్యాసం రాస్తున్నాను. ఎనిమిది మాత్రలను మూడు, మూడు, రెండుగా విడదీసే ఆయన లయను ‘మిశ్రగతి’ అని, కొద్దిమంది వాద్యకారులు కలిసి వాయించే ఛాంబర్ మ్యూజిక్‌ను ‘గది సంగీతం’ అని రాశాను. పెద్దలు తప్పొప్పులు చెప్పగలరు.

జవాబు: చిక్కంతా ‘మిశ్ర’ దగ్గరే ఉందండీ. వాడుకలో మిశ్రమమంటే కలగలుపు కాబట్టి మూళ్లూ రెండూ కలిసినదాన్ని అలా అనాలని తోచడం సహజమే. కాని లయశాస్త్రంలో మిశ్రం ఏడుకు పేరు, ‘తకిట తకధిమి’. సంగీతం తెలిసిన పాఠకుడు ఆ మాట చూడగానే ఏడు లెక్కపెట్టుకుంటాడు, ఇక్కడున్నవేమో ఎనిమిది. ఇది ‘తకిట తకిట తక’. ఛందస్సులో చెప్పాలంటే రెండు నగణాలు (మూడేసి లఘువులు), ఒక లలం (రెండు లఘువులు). కాలితో నాలుగు సమానమైన దెబ్బలు వేస్తూ నోటితో ఇలా అని చూడండి. రెండో ‘తకిట’ మీది ఊనిక రెండు, మూడు దెబ్బల నడుమ పడి కాలిని తడబెడుతుంది, చివరి ‘తక’ సరిగ్గా నాలుగో దెబ్బతో వచ్చి కలుస్తుంది. ఈ నడక ఆయన కనిపెట్టినది కాదు, టాంగోకు దగ్గరి చుట్టాలైన పాత మిలోంగా పాటలలోనూ ఉంది. దాన్ని అడుగున ఉండనివ్వక పైకి తెచ్చి, రచనకే వెన్నెముకగా నిలిపినవాడు ఆయన.

‘గది సంగీతం’ చదవగానే అద్దె గదిలో సాధన చేసుకునే కుర్రవాడు నా కళ్లముందు మెదిలాడు, మన్నించాలి. ‘మేళం’ అందామంటే చెవిలో సన్నాయి మోగుతుంది. ‘ఛాంబర్ సంగీతం’ అనే ఉంచి, 1960లో ఆయన కూర్చిన ఐదుగురి బృందంలో బాండోనియన్ (తిత్తులతో మోగే చేతి వాద్యం), వయొలిన్, పియానో, ఎలక్ట్రిక్ గిటారు, డబుల్ బాస్ ఉండేవని, వాద్యానికి ఒక్కరే కావడం వల్ల ప్రతి గొంతూ విడిగా వినిపిస్తుందని చెబితే చాలు. 1954లో పారిస్‌లో సంగీత గురువు నాడియా బూలాంజే వద్ద చేసిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీత అధ్యయనం ఆ గొంతుల అల్లికలో తెలుస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు జాజ్ వైపు నుంచి వచ్చింది.

ప్రశ్న: ‘తకిట తకిట తక నడక’ అని మార్చానండీ. శీర్షికలో ‘టాంగో–జాజ్ మిశ్రమం’ అనవచ్చునా?

జవాబు: మళ్లీ మిశ్రమమేనా! ఇది టాంగోయే కాదని సంప్రదాయవాదులు దుయ్యబట్టినప్పుడు, తనది ‘బ్యూనస్ ఐరిస్ నగరపు సమకాలీన సంగీతం’ అని ఆయనే పేరు పెట్టుకున్నాడు. శీర్షికకు దాన్నే తీసుకోండి.