"నాకు భయము సంభవించు దినమున": కీర్తన 56లోని రెండు వచనాలపై చర్చ

ప్రశ్న

బైబిల్లోని కీర్తన 56లో పక్కపక్కనే ఉన్న రెండు వచనాలు చూడండి. మూడోది: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." నాలుగోదానిలో: "దేవునియందు నమ్మికయుంచియున్నాను నేను భయపడను." భయం వచ్చిందని చెప్పిన నోటితోనే భయపడనంటున్నాడు. ప్రసంగాల్లో రెండో మాటే గట్టిగా వినిపిస్తుంది. "భయపడుతున్నావంటే నీకు విశ్వాసం లేనట్టే" అని మంచం పట్టిన రోగితో అనేవారినీ చూశాను. ఈ వచనాల భాష ఆ మాటను నిలబెడుతుందా? భయం సంభవించడం, భయపడడం వేరువేరా?

జవాబు

తెలుగులో వేరేనండి. "నాకు భయం వేసింది" అన్నప్పుడు కర్త భయం. నేను "కు" ప్రత్యయం తగిలించుకుని ఒక పక్కన నిలబడి ఉంటాను. ఆకలి వేసింది, నిద్ర వచ్చింది, జ్వరం తగిలింది, అన్నీ అదే వరుస. "భయపడ్డాను" అంటే కర్తను నేనే. పైగా సంభవించడమనే మాట ప్రమాదాలకూ వరదలకూ వాడేది. అనువాదకులు భయాన్ని బయటినుంచి వచ్చిపడిన ఘటనగా చూపారు. ఆకలి వేసినందుకు ఎవరినీ తప్పుపట్టం కదా, భయం వేసినందుకు మాత్రం ఎందుకు?

జవాబు

పై జవాబులోని విశ్లేషణ బాగుంది, కానీ ఆ తేడా మూలంలో లేదు. హీబ్రూలో రెండు చోట్లా "యారే" అనే క్రియే. మొదటిచోట ఉన్నది సూటిగా "నేను భయపడే రోజున" అనే. అంటే మూలంలో, ఈ కీర్తన ఎవరి పేరు మీద ఉందో ఆ దావీదు "భయపడతాను" అని, వెంటనే "భయపడను" అంటాడు. తెలుగు ఆ రెంటి మధ్య గొడవ సర్దేసింది. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ నాకైతే ఆ గొడవే ముఖ్యం.

ఎందుకో చెబుతాను. కీర్తన పైనున్న శీర్షిక దీన్ని గాతులో ఫిలిష్తీయులు దావీదును పట్టుకున్న సందర్భానికి ముడిపెడుతుంది. సాధారణంగా దీన్ని 1 సమూయేలు 21తో కలిపి చదువుతారు. గాతు ఎవరి ఊరు? దావీదు చంపిన ఫిలిష్తీయ వీరుడు గొల్యాతుది. రాజైన సౌలుకు భయపడి పారిపోతూ, నోబులో యాజకుడి దగ్గర గొల్యాతు కత్తినే అడిగి తీసుకుని, నేరుగా గొల్యాతు ఊరికే వెళ్లాడు! అక్కడి రాజు సేవకులు గుర్తుపట్టగానే ఏమైంది? మన తెలుగు బైబిలే 12వ వచనంలో "బహు భయపడెను" అంటోంది. సంభవించెను అనలేదు. తరువాతి వచనంలో ఆయన తలుపుల మీద గీతలు గీస్తూ, గడ్డం మీదికి ఉమ్మి కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించాడు. కీర్తనలో మాట్లాడే మనిషి ఇతనే. భయం పక్కనుంచి తగిలి వెళ్లిపోయిన మనిషి కాడు, దానిలో నిండా మునిగినవాడు. కాబట్టి రోగితో ఆ మాట అన్నవారికి వ్యాకరణం కన్నా ఈ అధ్యాయమే గట్టి జవాబు.

మొదట అడిగినవారు

ధన్యవాదాలు. అయితే "ఆశ్రయించుచున్నాను", "నమ్మికయుంచియున్నాను" కూడా మూలంలో ఒకటేనా?

జవాబు

ఒకటే. రెండూ "బాతహ్". తెలుగులో "ఆశ్రయించు" మామూలుగా "హాసా" అనే మరో క్రియకు వస్తుంది, అంటే నీడకు చేరడం, తలదాచుకోవడం. కీర్తన 118:8లో ఆ రెండు క్రియలూ ఒకే వాక్యంలో ఉన్నాయి: "మనుష్యులను నమ్ముకొనుటకంటె యెహోవాను ఆశ్రయించుట మేలు." అక్కడ "బాతహ్"కు "నమ్ముకొను", "హాసా"కు "ఆశ్రయించు" అని పంపకం సరిగ్గా కుదిరింది.

56:3లో ఎందుకు మార్చారో నా ఊహ: హీబ్రూలో ఆ వచనంలో "నీ వైపు" అనే అర్థమిచ్చే విభక్తి ఉంది, తరువాతి వచనంలో "దేవునియందు" ఉంది. భయం వేసినవాడు ముందు ఒక దిక్కుకు తిరుగుతాడు, ఆ తరువాతే అక్కడ నిలబడతాడు. ఆ కదలిక "ఆశ్రయించు"లో వినబడుతుంది. ఈ ఒక్కచోట అనువాదకుల చొరవ నాకు నచ్చింది. క్రియారూపాల్లోనూ శ్రద్ధ చూపారు: మొదటిది జరుగుతున్న పని, రెండోది చేసి నిలిచిన పని.

మరొకరు

కొత్త నిబంధనలోని 2 తిమోతి 1:7 మరిచారు. దేవుడు మనకు పిరికితనముగల ఆత్మ నియ్యలేదని ఉంది కదా?

జవాబు

ఉంది, కానీ అక్కడి గ్రీకు మాట "డెయిలియా". భయానికి మామూలుగా వాడే "ఫోబోస్" కాదు. అనువాదకులు "పిరికితనము" అని సరిగ్గానే వేరుచేశారు. భయం వేసినా చేయవలసిన పని చేసేవాణ్ణి మనం పిరికివాడనం.

జవాబు

అనువాదం విషయానికొస్తే, నేటి తెలుగులో నేనైతే "నమ్ముకొను"నే ఎంచుకుంటాను. "నమ్మాను" అంటే నిజమని ఒప్పుకున్నాను, అంతే. "వ్యవసాయాన్ని నమ్ముకున్న కుటుంబం" అంటే వేరే ఆధారం లేనివాళ్లు. పంట వస్తుందో రాదో తెలియకపోయినా విత్తనం వేస్తారు. అందుకే: "భయపడే రోజున నేను నిన్నే నమ్ముకుంటాను. దేవుణ్ణి నమ్ముకున్నాను, భయపడను." ఒకే క్రియ రెండుసార్లు వచ్చి, మూలంలోని పునరుక్తి దక్కుతుంది. "నీ వైపు" పోయిందంటారా, పోయింది.

మొదట అడిగినవారు

"నిన్నే"లో ఆ ఏకారం మీరు చేర్చినదా?

జవాబు

పూర్తిగా నాది కాదు. హీబ్రూలో "నీ వైపు" క్రియకన్నా ముందుకు వచ్చింది. దానికీ ముందు "నేను" అనే సర్వనామం విడిగా ఉంది. క్రియలోనే "నేను" ఇమిడి ఉంది కాబట్టి అక్కడ అది తప్పనిసరి కాదు. కావాలంటే ఒత్తును అటు జరిపి "నేను మాత్రం నిన్ను నమ్ముకుంటాను" అనవచ్చు. రెండు ఒత్తులూ ఒకే వాక్యంలో పెడితే మాత్రం తెలుగు కుంటుతుంది.